గుడ్లు కాచుకునే సిక్లిడ్లలో మీ తొట్టెకు ఏది?

సిక్లిడ్ కుటుంబపు చేపల జంట గుడ్లు పెట్టిన మరునాడు, వాటిని పెంచే గాజు తొట్టెలో ఒక సరిహద్దు పుడుతుంది. అది కంటికి కనబడదు. మిగతా చేపలు ఎంతవరకు వచ్చి వెనక్కి తిరుగుతున్నాయో పది నిమిషాలు కూర్చుని చూస్తే ఎక్కడుందో తెలిసిపోతుంది. నేను మొదటిసారి దాన్ని గమనించింది అరవై లీటర్ల తొట్టెలో. ఒక మూల బోర్లించిన పూలకుండీ, దాని లోపలి గోడకు కాన్విక్ట్ అనే చారల సిక్లిడ్ పెట్టిన గుడ్లు. ఆ జంట గీసుకున్న సరిహద్దు నాలుగు వైపులా గాజు దాకా వచ్చేసింది. టెట్రాలనే ఆరు చిన్న చేపలు హీటర్ వెనక, నీటి పైఅంచుకు ఆనుకుని, కదలకుండా నిలబడి ఉన్నాయి. నేను ఇంకో తొట్టె సిద్ధం చేసేలోగా రెండు చనిపోయాయి. కాన్విక్ట్‌లు చేసినదాంట్లో తప్పేమీ లేదు. పిల్లల్ని కాపాడుకోవడానికి వాటికి ఎంత జాగా కావాలో తెలుసుకోకుండా, చారలు బాగున్నాయని తెచ్చి పెట్టింది నేను.

అందుకే ఏ సిక్లిడ్ తెచ్చుకోవాలని ఎవరైనా అడిగితే నేను మొదట ఒకే ప్రశ్న వేస్తాను: గుడ్లు పెట్టాక ఆ చేపకు మీ తొట్టెలో ఎంత భాగం వదిలేయగలరు? రంగు, పొడవు, తిండి, నీటి గుణం అన్నీ ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు. ఈ కుటుంబంలో శాస్త్రవేత్తలు పేరు పెట్టిన జాతులే 1,700 పైచిలుకు ఉన్నాయి. గుడ్లనో పిల్లలనో ఏదో ఒక రూపంలో కాచుకోని సిక్లిడ్ లేదనే చెప్పాలి. తేడా అంతా కాపలా ఎక్కడ, ఎవరు, ఎన్నాళ్లు అన్నదాంట్లో ఉంది. కొన్ని బండ మీద గుడ్లు పెట్టి చుట్టూ గజం మేర ఎవరినీ రానివ్వవు. కొన్ని గుహలో దాస్తాయి. కొన్ని ఖాళీ నత్తగుల్లలో పెడతాయి. కొన్ని నోట్లోనే పెట్టుకుని తిరుగుతాయి. ఈ పద్ధతుల్లో ఏది మీ తొట్టెలో ఇముడుతుందో చూసుకుంటే ఎంపిక సగం అయిపోయినట్టే.

కాన్విక్ట్: చూడటానికి ఇంతకంటే మంచి బడి లేదు

నా నష్టం సంగతి చెప్పాను కదా, అయినా సిక్లిడ్ల కాపలాను దగ్గరగా చూడాలనుకునేవారికి నేను మొదట చెప్పే పేరు కాన్విక్టే. మధ్య అమెరికా వాగుల్లో ఉండే ఈ చేప దాదాపు ఏ నీటిలోనైనా బతుకుతుంది, జంట కడితే గుడ్లు పెట్టక మానదు. ఆడదాన్ని గుర్తుపట్టడమూ తేలిక: పొట్ట మీద నారింజ రంగు పొలుసులు ఆడదానికే ఉంటాయి, ఆకారంలోనూ అది చిన్నది. మగది పది, పన్నెండు సెంటీమీటర్లు పెరుగుతుంది.

గుడ్లు పెట్టాక ఇద్దరూ పని పంచుకుంటారు. ఆడది గుడ్ల దగ్గరే ఉండి ముందు రెక్కలతో నీటిని ఆడిస్తూ ఉంటుంది. ఆ గాలాడింపు లేకపోతే గుడ్లకు ప్రాణవాయువు సరిగా అందదు. తెల్లబడిన గుడ్డు కనిపిస్తే, అంటే ఫలదీకరణ జరగక బూజు పట్టబోతున్నది కనిపిస్తే, నోటితో తీసేస్తుంది. మగది బయటి వలయంలో తిరుగుతూ దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ తరుముతుంది. మధ్యలో ఒకదాని చోటికి ఇంకొకటి వచ్చి నిలబడటమూ ఉంటుంది. నీరు 26, 27 డిగ్రీల్లో ఉంటే మూడు రోజులకు గుడ్లు చిట్లుతాయి. బయటికొచ్చిన పసికూనలు అప్పుడే ఈదలేవు. పచ్చసొన సంచి మోసుకుంటూ ఒకచోట కుప్పగా పడి తోకలాడిస్తుంటాయి. తల్లిదండ్రులు ముందుగానే ఇసుకలో తవ్వి ఉంచిన గుంటల్లోకి వాటిని నోటితో మోసుకెళ్తాయి, రాత్రికి రాత్రి ఇంకో గుంటకు మారుస్తాయి. కుప్ప మాయమైందని కంగారుపడకండి, తొట్టెలో మరో మూల వెతకండి.

ఇంకో నాలుగైదు రోజులకు పిల్లలు ఈదడం మొదలుపెడతాయి. అసలు చూడవలసింది అప్పుడే. ఆడది అడుగున పడి ఉన్న ఎండుటాకు అంచును నోటితో పట్టి తిప్పేస్తుంది, దాని కింద ఉన్న సూక్ష్మజీవుల మీద పిల్లలు పడతాయి. ఒక్కోసారి ఇసుక మీద పొట్ట ఆనించి రెక్కలతో గబగబా తవ్వి మట్టి లేపుతుంది. ఆ మబ్బులో పిల్లలు మేస్తాయి. గుంపు విడిచి దూరం పోయిన పిల్లను నోట్లోకి తీసుకుని తెచ్చి గుంపులో ఉమ్మేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు మింగేసిందేమో అనుకుని గుండె ఆగినంత పనవుతుంది. ఈ కాపలా నాలుగు నుంచి ఆరు వారాలు సాగుతుంది.

ఇదంతా కావాలంటే ఇవ్వవలసింది తొట్టె మొత్తం. ఒక్క జంటకే అయితే వంద లీటర్లు సరిపోతాయి. వేరే చేపలు కూడా ఉండాలంటే పొడవు 120 సెంటీమీటర్లకు తగ్గకూడదు, లీటర్లు రెండు వందలు దాటాలి. అప్పుడు కూడా ఒక సగం వాటిదే. ఇంకో మాట: గుడ్లు ఒక్కో విడతకు వందకు పైన, ఒక్కోసారి మూడు వందల దాకా ఉంటాయి. ఆ పిల్లల్ని ఎవరికి ఇస్తారో ముందే తెలియకపోతే కాన్విక్ట్‌ను తెచ్చుకోకండి. ఈ విషయంలో నేను పట్టుగానే ఉంటాను.

గుహలో దాచుకునేవి: క్రిబెన్సిస్, అపిస్టోగ్రామా

నలుగురితో కలిసి ఉండే తొట్టెలో కాపలా చూడాలనుకుంటే క్రిబెన్సిస్ మేలు. పశ్చిమ ఆఫ్రికా నుంచి, ముఖ్యంగా నైజీరియా, కామెరూన్ ప్రాంతాల నుంచి వచ్చిన చేప ఇది. ఇక్కడ ఆడదే మగదాని వెంటపడుతుంది. వంకాయ రంగు, ఎరుపు కలిసిన పొట్టను ముందుకు వంచి, ఒళ్లంతా వణికిస్తూ మగదాని ముందు నిలబడుతుంది. గుడ్లు గుహ పైకప్పుకు అంటించి ఆడది లోపలే ఉండిపోతుంది, మగది ద్వారం బయట కాపలా కాస్తుంది. వారం, పది రోజులు ఆడది కనిపించదు. చేప పోయిందేమోనని గుహను ఎత్తి చూడకండి. అలా కదిలించిన గుడ్లను తల్లే తినేయవచ్చు. ఒక ఉదయం ఆడది మబ్బులాంటి పిల్లల గుంపును వెంటబెట్టుకుని బయటికొస్తుంది. ఆ దృశ్యం కోసం అన్ని రోజులు ఓపిక పట్టవచ్చు.

కాన్విక్ట్‌తో పోలిస్తే దీని సరిహద్దు తొట్టె అడుగుకే పరిమితం. నీటి పైభాగంలో తిరిగే చేపల జోలికి అంతగా పోదు. అడుగున బతికే కోరీడోరస్ లాంటి వాటికి మాత్రం ఇబ్బందే. పైగా కోరీ చేపలు రాత్రిపూట పిల్లల్ని తింటాయి. క్రిబెన్సిస్ ఆ రాత్రి దొంగల మీద ఎంత కోపం తెచ్చుకున్నా చీకట్లో ఏమీ చేయలేదు. ఈ రెంటినీ ఒకే తొట్టెలో పెట్టకపోవడమే మంచిది. ఒక్క జంటకు 60 నుంచి 80 లీటర్లు చాలు, గుహలు మాత్రం రెండు మూడు ఉండాలి. ద్వారం చిన్నదిగా ఉన్న గుహనే అవి ఎంచుకుంటాయి. సగం కొబ్బరి చిప్ప అంచున బొటనవేలు పట్టేంత గాటు పెట్టి బోర్లించినా సరిపోతుంది.

క్రిబెన్సిస్ గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది. పిల్లల్లో మగవి ఎన్ని, ఆడవి ఎన్ని అన్నది నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) మీద ఆధారపడుతుంది. నీరు ఆమ్లంగా ఉంటే మగపిల్లలు ఎక్కువవుతాయి. పెంచిన వాటిలో అన్నీ మగవే అయ్యాయని బాధపడేవారు ముందు పీహెచ్ కొలుచుకోవాలి. తటస్థం దగ్గరికి, ఏడు చుట్టుపక్కలకి తెస్తే తూకం కుదురుతుంది.

అపిస్టోగ్రామాలు క్రిబెన్సిస్‌కు దగ్గరి పోలికే గాని కుటుంబ వ్యవస్థ వేరు. దక్షిణ అమెరికాకు చెందిన ఈ చిన్న చేపల్లో చాలా జాతుల మగది రెండు మూడు ఆడవాటితో ఉంటుంది. ఒక్కో ఆడదానికి ఒక్కో గుహ, గుడ్ల కాపలా పూర్తిగా తల్లిదే. మగది అన్ని గుహలనూ కలిపి పెద్ద వలయాన్ని కాస్తుంది. గుడ్లు పెట్టిన ఆడది ఒక్కసారిగా నల్ల గుర్తులతో పసుపు రంగుకు మారుతుంది. మూడు, నాలుగు సెంటీమీటర్ల ఆ ప్రాణి తనకు రెట్టింపు ఉన్న మగదాన్ని కూడా తరిమికొడుతుంది. తొట్టె చిన్నదైతే ఆ తరుములాటలో మగది మూలన పడి చిక్కిపోతుంది. జంటకు అరవై లీటర్లు, ఒక మగది, ముగ్గురు ఆడవాళ్ల సంసారానికి వంద లీటర్లు అనుకోండి. కాకటువాయిడెస్ జాతి కొత్తవారికి కొంత తేలిక. వీటిలో కూడా పిల్లల లింగాన్ని పరిసరాలే మారుస్తాయి. చాలా జాతుల్లో వేడి పెరిగే కొద్దీ మగపిల్లలు పెరుగుతాయి.

నీటిని మెత్తగా (లవణాలు తక్కువగా), కొంచెం ఆమ్లంగా ఉంచగలిగితే అపిస్టో, లేకపోతే క్రిబెన్సిస్. ఈ రెండింటి మధ్య నిర్ణయానికి అంతకుమించి ఆలోచించనక్కర్లేదు.

ఆకు మీద, బండ మీద: ఏంజెల్, రామ్, డిస్కస్

ఏంజెల్ నిలువు చేప, గుడ్లు కూడా నిలువుగానే పెడుతుంది. వెడల్పాటి ఆకు మీదనో, నిలబెట్టిన పలక మీదనో, ఏదీ లేకపోతే ఫిల్టర్ గొట్టం మీదనో వరసలుగా అంటిస్తుంది. రెండు మూడు రోజులకు చిట్లిన కూనలు తలమీది జిగురు దారాలతో ఆకుకు వేలాడుతుంటాయి. జారిపడిన ప్రతి కూననూ తల్లిదండ్రులు నోటితో పట్టి మళ్లీ అతికిస్తాయి. దాని సరిహద్దు ఆ ఆకు చుట్టూ ఒక జానెడు, రెండు జానలు. అందుకే కలివిడి తొట్టెలో కూడా ఏంజెల్ జంట గుడ్లు పెడుతుంది. కాపాడుకుని పిల్లల్ని పెద్దచేయడం మాత్రం అక్కడ దాదాపు జరగదు.

చాలామంది ఏంజెల్ పెంపకందారులకు ఎదురయ్యే దిగులు, గుడ్లు పెట్టిన రెండో రాత్రే తల్లిదండ్రులు వాటిని తినేయడం. తరతరాలుగా పెంపకం కేంద్రాల్లో గుడ్లను తీసేసి వేరుగా పొదిగించడం వల్ల కాపలా కాయని వంశాలు కూడా నిలదొక్కుకున్నాయని పెంపకందారుల్లో బలమైన అభిప్రాయం ఉంది. నాకూ అది సబబుగానే తోస్తుంది, ఎందుకంటే గుడ్లు కాయని జంట పిల్లలు కూడా ఆ పద్ధతిలో బతికి బయటపడతాయి. కాబట్టి ఏంజెల్ కాపలా చూడాలని ఉంటే, తమ పిల్లల్ని తామే పెంచిన జంట సంతానాన్ని వెతికి తెచ్చుకోండి. ఆరు చిన్నవాటిని కలిపి పెంచి, జంట కట్టినవాటిని ఉంచుకుని మిగతావాటిని ఇచ్చేయండి. ఆడదేదో మగదేదో చూసి కొనడం వీటిలో కుదరదు. తొట్టె ఎత్తు కనీసం 45 సెంటీమీటర్లు ఉండాలి.

రామ్ గురించి క్లుప్తంగా: అందమైనది, సున్నితమైనది, 27 నుంచి 30 డిగ్రీల వేడి కోరుతుంది, ఆయుష్షు రెండు మూడేళ్లే. చదునైన రాయి మీద గుడ్లు పెట్టి తల్లిదండ్రులిద్దరూ కాస్తారు. నీరు బాగా స్థిరపడిన పాత తొట్టె ఉంటేనే తెచ్చుకోండి.

డిస్కస్ దగ్గర మాత్రం ఆగి మాట్లాడాలి. మిగతా సిక్లిడ్లు పిల్లల చుట్టూ ఉన్న జాగాను కాస్తే, డిస్కస్ తన శరీరాన్నే పిల్లలకు జాగాగా ఇస్తుంది. ఈదడం మొదలుపెట్టిన పిల్లలు నేరుగా తల్లిదండ్రుల పక్కలకు చేరి చర్మం మీది జిగురు పొరను తింటాయి. ఆ జిగురులో మాంసకృత్తులు, వ్యాధుల నుంచి కాపాడే పదార్థాలు ఉంటాయని, పిల్లలు పుట్టాక దాని కూర్పు కూడా మారుతుందని 2010లో వెలువడిన పరిశోధనలో తేలింది. తల్లి అలసినప్పుడు ఒంటిని ఒక్కసారి విదిల్చి పక్కకు జారుకుంటుంది, గుంపంతా తండ్రి మీదికి చేరుతుంది. మొదటి రెండు వారాలు పిల్లల్ని వదలవు. మూడో వారం నుంచి కొద్దికొద్దిగా దూరం ఈదిపోతూ పాలు మాన్పించినట్టు మాన్పిస్తాయి.

ఇంత అద్భుతాన్ని చూడాలంటే శ్రమ కూడా అంతే. 28 నుంచి 30 డిగ్రీల నీరు, మెత్తదనం, ఆమ్ల గుణం, దాదాపు రోజూ నీటి మార్పిడి, ఖాళీ అడుగున్న 120 నుంచి 150 లీటర్ల తొట్టె, అలజడి లేని చోటు కావాలి. గుడ్లు పెట్టాక అటూ ఇటూ మనుషులు గబగబా నడిచినా జంట బెదిరి గుడ్లు తినేయవచ్చు. సిక్లిడ్లతో ముందు అనుభవం లేనివారికి దీన్ని నేను సిఫారసు చేయను. జిగురు తినే పిల్లలను చూడాలనే కోరిక బలంగా ఉంటే ఆరెంజ్ క్రోమైడ్ ఉంది. దక్షిణ భారతం, శ్రీలంక తీరాల్లో మంచినీటిలోనూ ఉప్పు కలిసిన నీటిలోనూ బతికే చిన్న సిక్లిడ్ ఇది. దాని పిల్లలూ తల్లిదండ్రుల ఒంటి జిగురును కొరుక్కు తింటాయి, పెంపకం డిస్కస్ అంత కష్టం కాదు.

నోరే గూడు

ఆఫ్రికాలోని మలావీ సరస్సులో రాళ్ల మధ్య బతికే ఎంబూనా అనే సిక్లిడ్లలో పైన చెప్పిన సరిహద్దు లెక్క తిరగబడుతుంది. ఆడది గుడ్లు పెట్టి వెంటనే నోట్లోకి తీసుకుంటుంది. మగదాని ఆసన రెక్క (పొట్ట కింద, తోకకు ముందుండే రెక్క) మీద గుడ్లలా కనిపించే పసుపు మచ్చలుంటాయి. ఆ మచ్చలను గుడ్లనుకుని ఆడది అందుకోబోతుందని, అప్పుడే నోట్లోని గుడ్లు ఫలదీకరణ చెందుతాయని 1962లో వోల్ఫ్‌గాంగ్ విక్లర్ ప్రతిపాదించారు. ఆ మచ్చల పాత్ర అన్ని జాతుల్లోనూ ఒకేలా ఉండదని తర్వాతి ప్రయోగాలు చూపాయి. ఏమైనా, పొదుగుడు మాత్రం నోట్లోనే. దాదాపు మూడు వారాలు ఆడది సరిగా తినదు. దవడ కింద ఉబ్బు, ఏదో నములుతున్నట్టు నోటి కదలిక చూసి పట్టుకోవచ్చు.

ఎలక్ట్రిక్ ఎల్లో అని పిలిచే లాబిడోక్రోమిస్ కెరూలియస్ ఈ వర్గంలో నెమ్మదైనది. కెరూలియస్ అంటే నీలం అని అర్థం. మొదట వర్ణించిన చేపలు నీలి తెలుపు రంగువి కాబట్టి ఆ పేరు మిగిలిపోయింది, ఇళ్లలో వ్యాపించింది మాత్రం పసుపు రకం. విడతకు పిల్లలు పది నుంచి ముప్పై. కాన్విక్ట్ వందలతో పోలిస్తే ఎంత ఊరట! నోట్లోంచి బయటికొచ్చేసరికే అవి పూర్తి చేపలు, ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యల) పొడి తినగలవు. తల్లి కాపలా ఆ తర్వాత పెద్దగా సాగదు. రాళ్ల మధ్య సందులు దండిగా ఉంటే కొన్ని దక్కుతాయి.

గుడ్లు నోట్లో ఉన్నాయి కాబట్టి తొట్టె ప్రశాంతంగా ఉంటుందనుకుంటే పొరపాటు. ఎంబూనా మగవి ఏడాది పొడవునా జాగా కోసం పోట్లాడతాయి. ఒక మగదానికి మూడు నాలుగు ఆడవి, 200 లీటర్లకు తగ్గని తొట్టె, అటూ ఇటూ కంటికి కనబడకుండా దాక్కునేంత రాళ్లు ఉండాలి. నోట్లో గుడ్లున్న ఆడదాన్ని మగది వెంటాడుతుంటే ఆ ఆడదాన్ని వేరు చేయండి. వలతో పరుగెత్తిస్తే భయపడి గుడ్లు ఉమ్మేయడమో మింగేయడమో చేస్తుంది. దీపాలు ఆర్పాక అరగంట ఆగి, నెమ్మదిగా పట్టుకోవడం మంచిది. రెండు దగ్గరి జాతులను కలిపి ఉంచకండి, అవి కలిసిపోయి పుట్టే సంకర పిల్లలను ఏ జాతని చెప్పి ఎవరికీ ఇవ్వలేరు.

ఆఫ్రికాలోనే ఉన్న టాంగన్యీకా సరస్సు సిక్లిడ్ ట్రోఫియస్ ఇదే పద్ధతిని ఇంకా ముందుకు తీసుకుపోయింది. గుడ్లు చాలా పెద్దవి, విడతకు పదీ పదిహేనుకు మించవు, నోట్లో నాలుగు వారాల దాకా ఉంటాయి. తల్లి ఆ రోజుల్లో మేస్తుంది, కాని ఆ మేత నోట్లోని పిల్లలకే చేరుతుంది. గుంపుగా తప్ప బతకదు, తిండి మారితే పొట్ట జబ్బు చేస్తుంది. అనుభవం పెరిగాకే దాని జోలికి పోవాలి.

ఇంత జాగ్రత్తకూ దొంగ ఉన్నాడు. అదే సరస్సులో ఉండే సైనోడాంటిస్ మల్టీపంక్టేటస్ అనే క్యాట్‌ఫిష్, సిక్లిడ్ జంట గుడ్లు పెడుతుండగా మధ్యలో చొరబడి తన గుడ్లను కలిపేస్తుంది. సిక్లిడ్ తల్లి వాటినీ నోట్లోకి తీసుకుంటుంది. క్యాట్‌ఫిష్ పిల్లలు ముందుగా చిట్లి, అదే నోట్లో ఉన్న సిక్లిడ్ పిల్లల్ని తినేస్తాయి. కోయిల కాకి గూటిలో గుడ్డు పెట్టినట్టే, కాని ఇక్కడ గూడు తల్లి నోరు. నోట్లో పొదిగే సిక్లిడ్ల పిల్లలు కావాలనుకుంటే ఈ మచ్చల చేప ఎంత ముద్దుగా ఉన్నా ఆ తొట్టెలో వేయకండి.

చిన్న తొట్టె ఉన్నవారికి: నత్తగుల్లల్లో కాపురం

నన్ను అడిగితే యాభై లీటర్ల తొట్టెకు లోకంలోకెల్లా మంచి సిక్లిడ్ నియోలాంప్రొలోగస్ మల్టీఫాసియాటస్. టాంగన్యీకా సరస్సు అడుగున నియోతౌమా అనే నత్తల ఖాళీ గుల్లలు పరుచుకుని ఉంటాయి. ఈ చేప బతుకంతా ఆ గుల్లల్లోనే. మగది నాలుగైదు సెంటీమీటర్లు, ఆడది ఇంకా చిన్నది. సిక్లిడ్లలో ఇంతకంటే చిన్నవి చాలా తక్కువ. గుల్ల చుట్టూ ఇసుక తవ్వి, దాన్ని అడుగులో కూరి, పైన మూతి మాత్రమే కనబడేలా చేసుకుంటుంది. గుడ్లు లోపలెక్కడో పెడుతుంది, మనకు కనిపించవు. ఒక రోజు గుల్ల అంచున గింజంత పిల్ల తొంగిచూస్తే అప్పుడు తెలుస్తుంది.

దీని సరిహద్దు గుల్ల చుట్టూ పిడికెడు ఇసుక. ఆ పిడికెడు కోసం మన చేతినీ ఎదిరిస్తుంది. పిల్లల్ని వేరు చేయాల్సిన పని లేదు. పెద్దవి, మధ్యవి, పసివి అన్నీ కలిసి ఒక ఊరుగా పెరుగుతాయి. ఐదారు సెంటీమీటర్ల మెత్తని ఇసుక, చేపల కంటే రెట్టింపు సంఖ్యలో గుల్లలు, గట్టిదనం ఉన్న క్షార నీరు, పీహెచ్ ఎనిమిది పైన ఉంటే చాలు. ఊరికి చేపలు నిండుగా అయ్యేదాకా కదిలించకండి. తొట్టె శుభ్రం చేసే పేరుతో గుల్లలు అటూ ఇటూ మార్చినప్పుడే పోట్లాటలు మొదలవుతాయి.

అదే సరస్సులోని బ్రికార్డి అనే సిక్లిడ్‌లో కాపలా ఇంకా విశాలమైన కుటుంబ వ్యవహారం. ముందు విడత పిల్లలు పెద్దయినా ఇల్లు వదలవు. తర్వాతి విడత గుడ్లను శుభ్రం చేస్తాయి, ఇసుక తవ్వుతాయి, బయటివాటిని తరుముతాయి. అక్కలు, అన్నలు చిన్నవాటిని కాయడం చేపల్లో చాలా అరుదు, అందుకే ఈ చేపను శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా గమనిస్తున్నారు. ఇంట్లో దీనికి ఒకే షరతు: వంద లీటర్ల తొట్టె మొత్తం దానికే. ఏడాదిలో కుటుంబం పెద్దదై మిగతా జాతులన్నిటినీ మూలకు నెట్టేస్తుంది. కలివిడి తొట్టెలో రెండు బ్రికార్డిలు వేసి తర్వాత దిగులుపడ్డవారిని చాలామందిని చూశాను.

ఆస్కార్, జాగ్వార్ లాంటి పెద్ద సిక్లిడ్ల గురించి ఎక్కువ చెప్పను. ముప్పై సెంటీమీటర్ల చేపలు, విడతకు వెయ్యికి పైగా గుడ్లు. పెంపకానికి స్నానాల తొట్టెల్లాంటి జాగా లేనివారు కాపలా చూద్దామని వీటిని తేకూడదు.

తెచ్చుకున్నాక, కాపలా తప్పినప్పుడు

జాతిని ఎంచుకున్నంత శ్రద్ధ మొదటి రెండు మూడు విడతల్లోనూ కావాలి. కొత్త జంట మొదటి గుడ్లను తినేయడం మామూలే, దానికి చేపను మార్చేయనక్కర్లేదు. నాలుగైదు విడతల తర్వాత కూడా అదే జరుగుతుంటే ముందు తొట్టెలో భయపెడుతున్నదేమిటో వెతకండి. నా అనుభవంలో చీకటి ఒక పెద్ద కారణం. దీపాలు ఒక్కసారిగా ఆరిపోయి గది చిమ్మచీకటైతే జంటకు గుడ్లు కనిపించవు, రాత్రి తిరిగే చేపలు తినిపోతాయి. గదిలో మసక దీపం ఒకటి వెలిగించి ఉంచడం మొదలుపెట్టాక నా క్రిబెన్సిస్ గుడ్లు తెల్లారేసరికి ఉండేవి.

ఇంకో సమస్య మగది ఆడదాన్ని కొట్టడం. కాన్విక్ట్, జ్యువెల్ లాంటి సిక్లిడ్లలో ఒక్క జంటనే ఖాళీ తొట్టెలో ఉంచితే ఇది ఎక్కువ. తరమడానికి బయటివారు లేనప్పుడు కాపలా కాయాలనే వేగం జంట మీదికే తిరుగుతుంది. అందుకని పెద్ద తొట్టెల్లో పెంపకందారులు వేగంగా ఈదే, గట్టి ప్రాణమున్న నాలుగు చేపలను పైభాగంలో ఉంచుతారు. జంట కలిసి వాటిని తరుముతూ ఒకటిగా ఉంటుంది. తొట్టె చిన్నదైతే ఈ ఉపాయం పనికిరాదు, నా టెట్రాల గతే పడుతుంది. అప్పుడు మధ్యలో గాజు అడ్డం పెట్టి, అవతలి పక్క వేరే చేపలను కనబడేలా ఉంచండి. తరమాలన్న కోరిక తీరుతుంది, ఎవరికీ దెబ్బ తగలదు.

పిల్లలు ఈదడం మొదలుపెట్టిన రోజు నుంచి రోజుకు మూడు నాలుగు సార్లు అప్పుడే పొదిగిన ఆర్టీమియా వేయండి. డిస్కస్ పిల్లలకు మొదటి నాలుగైదు రోజులు అదీ అక్కర్లేదు. ఫిల్టర్ గొట్టానికి స్పాంజ్ తొడగడం మరచిపోతే ఒక రాత్రిలో గుంపు సగమైపోతుంది. ఇది ఏ జాతికైనా ఒకటే.

పిల్లల్ని ఎప్పుడు వేరు చేయాలో తల్లిదండ్రులే చెబుతాయి. ఆడది పిల్లల గుంపును వదిలి మళ్లీ రాయిని నోటితో రుద్దడం మొదలుపెట్టిందంటే కొత్త గుడ్లకు సిద్ధమవుతోందన్నమాట. నిన్నటిదాకా ఎవరి కోసం అందరినీ తరిమిందో, ఆ పిల్లలే ఇప్పుడు ఆ సరిహద్దు లోపల ఉన్న బయటివారు. ఆ రుద్దుడు కనిపించిన రోజునే పిల్లలను వేరే తొట్టెలోకి మార్చేయండి, మరునాటి దాకా ఆగకండి.